మూడెకరాల కౌలు, ఒక సంతకం

నేను పాలకొల్లు, నరసాపురం మధ్య ఒక పల్లెలో సంఘ కాపరిని, అంటే చర్చి పాస్టరుని. నేను రాసేది ఒక కౌలు తగవు గురించి. అందులో ఇద్దరూ మా సంఘంవాళ్లే. ప్రతి ఆదివారం ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకునేవాళ్లు. ఒకాయన పొలం యజమాని, ఇంకొకాయన ఆ పొలాన్ని కౌలుకి చేసే రైతు. వీళ్ల మధ్య వచ్చిన మనస్పర్థను సరిచేయడానికి నాకు ఏడాది పైన పట్టింది. అందులో మొదటి రెండు నెలలు నేను చేసిన పని మేలు కన్నా కీడే ఎక్కువ చేసింది. తోటి సేవకులకు పనికొస్తుందని రాస్తున్నాను. రెండు కుటుంబాలకూ చదివి వినిపించి, వాళ్లు సరేనన్నాకే బయటపెడుతున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

పొలం, మనుషులు

యజమాని రిటైరైన బడిపంతులు. ఊరంతా మాస్టారు అనే పిలుస్తుంది, నేనూ అలాగే రాస్తాను. సంఘ పెద్దల్లో ఒకరు. దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు కానుక, ఒక్క నెల కూడా తప్పని మనిషి. ఆయనకు మూడెకరాలు ఉంది. ఆ మూడెకరాలు ఎలా వచ్చిందో తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు. ఆయన భార్య పద్నాలుగేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసింది. పిల్లలు తల్లిని ఫోన్లో చూస్తూ పెరిగారు. ఆమె పంపిన డబ్బుతో ఎకరం, తర్వాత ఎకరంన్నర, చివరికి అర ఎకరం కొన్నారు. మా పల్లెల్లో ఇలాంటి పొలాలు చాలా ఉన్నాయి. సెంటు సెంటుకీ ఒక ఆడమనిషి వయసు ఖర్చయి ఉంటుంది.

మా సంఘంలో భూమి అనేది కొత్త సంగతి. 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ ఇంగ్లండ్ నుంచి వచ్చారు, ఆ తర్వాత నరసాపురం, పాలకొల్లు చుట్టూ సువార్త పని మొదలుపెట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టే రోజుల్లో, అంటే 1847 నుంచి 1852 దాకా, అక్కడ మట్టి మోసే కూలీల మధ్య కూడా బోధించారు. మా ముత్తాతలు ఆ కాలవల నీళ్లు పారే పొలాల్లో కూలికి వెళ్లినవాళ్లే గాని, పట్టా ఉన్నవాళ్లు కాదు. అందుకే మాలో ఎవరైనా అర ఎకరం కొంటే సంఘంలో సాక్ష్యం చెబుతారు, అందరం చప్పట్లు కొడతాం. పొలం వచ్చాక దాన్ని కౌలుకి చేసే మనిషితో ఎలా ఉండాలో మాత్రం మేము ఎప్పుడూ బోధించలేదు.

కౌలు రైతుని తమ్ముడు అంటాను. నలభై దాటాయి. మాస్టారి దగ్గరే అయిదో తరగతి దాకా చదువుకున్నాడు. ఆరేళ్లుగా ఆ మూడెకరాలు చేస్తున్నాడు. కౌలు ఎకరానికి సార్వాకి (ఖరీఫ్) 12 బస్తాలు, దాళ్వాకి (రబీ) 18. బస్తా అంటే 75 కిలోలు. అంతా నోటిమాటే. ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వం పంటలు నమోదు చేసే జాబితాలో, పేరు మాస్టారిది. పంట బాగున్నన్నాళ్లూ ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. సంక్రాంతికి తమ్ముడు కొత్త బియ్యం తెచ్చి ఇచ్చేవాడు, మాస్టారి భార్య వాళ్ల పిల్లలకు బట్టలు పెట్టేది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు గాలి కన్నా వాన దెబ్బ ఎక్కువ. కోసిన పనలు చేలోనే నీళ్లలో నానాయి. నాలుగు రోజులు నీరు లాగలేదు, కంకులకే మొలకలొచ్చాయి. ఎకరానికి 28 బస్తాలు రావాల్సిన చోట 14 వచ్చాయి, అవి కూడా రంగు మారినవి. మాస్టారు కౌలు 12 నుంచి 8కి తగ్గించారు. ఊళ్లో మిగతా ఆసాములు అంత తగ్గించలేదు, కాబట్టి తాను న్యాయంగానే చేశానని ఆయన నిజంగా నమ్మారు. కౌలు పోగా తమ్ముడికి ఎకరానికి 6 బస్తాలు మిగిలాయి. పెట్టుబడికి తెచ్చిన 90,000 అప్పు అలాగే ఉంది. నూటికి రెండు రూపాయల వడ్డీ, నెలకి 1,800.

ఆ తర్వాత పంట నష్టపరిహారం వచ్చింది. హెక్టారుకి 17,000 లెక్కన మూడెకరాలకు దాదాపు 20,600. పేరు ఎవరిదో వాళ్ల ఖాతాలోనే పడింది. మాస్టారు ఎవరికీ చెప్పలేదు. కానీ జాబితా ఊళ్లో గోడకి అంటించారు. తమ్ముడి భార్య (ఆమెను చెల్లెమ్మ అంటాను) వేరే పని మీద వెళ్లి, అక్కడ నిలబడి చదివింది.

నేను ముందు తప్పు మనిషి దగ్గరకు వెళ్లాను

మూడు ఆదివారాలు వరుసగా తమ్ముడు బల్ల వేసే ముందు లేచి బయటకు వెళ్లిపోయాడు. నాలుగో వారం ఆయన ఇంటికి వెళ్లి విషయం తెలుసుకున్నాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి వాక్యం మత్తయి 18వ అధ్యాయంలోది, డెబ్బై ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించమన్న మాట. మాస్టారు పెద్దవారు, మీకు గురువు, మనసులో పెట్టుకోవద్దని చెప్పి ప్రార్థన చేశాను.

ఆమేన్ అన్నాక తమ్ముడు నెమ్మదిగా అన్నాడు: "క్షమించేశానండి అయ్యగారు. వడ్డీకిచ్చినాయన క్షమించడు కదండీ."

చెల్లెమ్మ పొయ్యి దగ్గర నుంచి ఒక్క మాటా అనలేదు. టీ కూడా ఇవ్వలేదు. గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చిన మనిషికి, అందులోనూ సేవకుడికి, టీ ఇవ్వలేదంటే అది చిన్న సంగతి కాదు. ఇంటికొచ్చేదాకా నాకు ఆ సంగతి తట్టనే లేదు. సమాధానపరిచేశానన్న తృప్తితో బండి నడుపుకుంటూ వచ్చేశాను.

ఈ కేసులో నేను పదేపదే తలచుకునేది ఆ సాయంత్రాన్నే. నష్టపోయిన మనిషిని క్షమించమన్నాను. నష్టం ఎవరి చేతిలో ఉందో ఆ మనిషిని ఇంకా పలకరించనే లేదు. ఎందుకలా చేశాను? తమ్ముడితో మాట్లాడటం తేలిక. మాస్టారితో మాట్లాడాలంటే నాకు భయం. సంఘం స్లాబు వేసినప్పుడు ఆయన ఇచ్చినది పెద్ద మొత్తం. మా అమ్మాయి ఫీజు ఒకసారి ఆయనే కట్టారు. ఈ రుణం నా వాక్యాన్ని ఎటు తిప్పిందో నాకు తెలియకుండానే తిప్పింది. కాపరులందరం దీన్ని ఒప్పుకోవాలి. మనం బలహీనుడి దగ్గరకు క్షమాపణ వాక్యం పట్టుకెళ్తాం, బలవంతుడి దగ్గరకు ఆశీర్వాద వాక్యం పట్టుకెళ్తాం.

వేదిక మీద నుంచి

రెండో పొరపాటు త్వరగా చెప్పేస్తాను. తమ్ముడి మాట మనసులో గుచ్చుకుని, రెండు వారాల తర్వాత యాకోబు పత్రిక 5వ అధ్యాయం ప్రసంగించాను. చేలు కోసిన పనివాళ్ల కూలి బిగబట్టితే ఆ కూలి మొరపెడుతుందన్న భాగం. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, సగం సంఘానికి సంగతి తెలుసు. తలలన్నీ మాస్టారి వైపు తిరిగాయి. ఆయన రెండు వారాలు ఆరాధనకు రాలేదు. ఒంటరిగా వెళ్లి తప్పు తెలియజెయ్యమని మత్తయి 18:15 చెబుతుంది. ఆ వాక్యాన్ని నేను ఎన్నోసార్లు బోధించాను. ధైర్యం లేక, నలుగురి మధ్యలో మైకు పట్టుకుని చెప్పాను.

భోజనాల బల్ల దగ్గర

మూడో వారం సాయంత్రం ఒక్కడినే మాస్టారింటికి వెళ్లాను. ముందు క్షమాపణ అడిగాను. ప్రసంగంలో చెప్పిన వాక్యం తప్పు కాదని, చెప్పిన పద్ధతి తప్పని అన్నాను. మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన వాదన చెప్పారు. న్యాయంగా వినాలనుకున్నాను, విన్నాను.

ఆయన అన్నది ఇది. పొలం నాది. పేరు నాది. డబ్బు ప్రభుత్వం వేసింది, నేను అడగలేదు. కౌలు నాలుగు బస్తాలు వదిలేశాను, మూడెకరాలకు 12 బస్తాలు. మద్దతు ధర లెక్క వేస్తే ఆ ఏడాది క్వింటా 2,183, అంటే నేను వదిలింది కూడా దాదాపు 19,600. ఇంకేం ఇవ్వాలి?

లెక్క సరిగ్గానే ఉంది. దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. బైబిలు తీసి నెహెమ్యా 5వ అధ్యాయం ఇద్దరం కలిసి చదువుదామన్నాను. కరువులో పొలాలు కుదువపెట్టుకున్న జనం, వాళ్ల సొంత సహోదరుల మీదే మొరపెట్టిన భాగం అది. పొలాలు, ద్రాక్షతోటలు ఈ రోజే తిరిగి ఇచ్చేయండి, తీసుకున్న నూరవ భాగం కూడా ఇచ్చేయండి అని నెహెమ్యా పెద్దల్ని అడుగుతాడు. ఆ నూరవ భాగం నెలవారీ వడ్డీ అని చాలామంది పండితులు చెబుతారు. మాస్టారు లెక్కల పంతులు. ఆ మాట దగ్గర ఆగిపోయారు.

"అంటే నూటికి రూపాయా అయ్యగారు?"

"ఆయ్."

"మావాడు రెండు రూపాయలకి తెచ్చాడు."

తమ్ముడిని 'మావాడు' అనడం ఆ సాయంత్రం అదే మొదటిసారి. అప్పుడు ఆయనే కాగితం తీసి లెక్క వేశారు. కౌలు కార్డు (కౌలు రైతుకి ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉంటే బ్యాంకు పంట రుణం 7 శాతానికి వస్తుంది, సకాలంలో కడితే 4 శాతమే పడుతుంది. 90,000కి ఏడాదికి 3,600. ఇప్పుడు తమ్ముడు కడుతున్నది 21,600. ఆ తేడా 18,000 ప్రతి ఏడాదీ పోతోంది. ఆరేళ్ల లెక్క వేయబోయి పెన్ను పక్కన పెట్టేశారు.

నేను ఇంకేమీ అనలేదు. ఏదో ఒకటి చెప్పి ముగించాలని నాలుక దురద పెట్టింది గాని, ప్రార్థన చేసి వచ్చేశాను.

డబ్బు తేలిక, కాగితం కష్టం

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టారు తమ్ముడింటికి వెళ్లి 20,600 ఇచ్చారు. నాకు చెప్పలేదు, చెల్లెమ్మ చెబితే తెలిసింది. ఆ వారం తమ్ముడు బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను సంతోషంతో కేసు అయిపోయిందనుకున్నాను.

అవలేదు. ఆ సార్వాకి కౌలు కార్డు కోసం సంతకం అడిగితే మాస్టారు దాటవేశారు. డబ్బు ఇచ్చిన మనిషి సంతకం ఎందుకు పెట్టడు? నాకు చాలా రోజులు బోధపడలేదు. అడ్డు ఆయన దగ్గర లేదు, ఆయన భార్య దగ్గర ఉంది.

"డబ్బు ఇమ్మంటే ఇచ్చామండి. ఇంకోసారి ఇమ్మన్నా ఇస్తాం. సంతకం పెడితే పొలం పోద్దండి. ఆ పొలం ఆయనది కాదు, నాది. నేను పిల్లల్ని వదిలేసి సంపాదించింది."

ఆ భయాన్ని నేను తీసిపారేయలేను. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం కౌలుదారుడికి గట్టి రక్షణలు ఇచ్చింది. ఆరేళ్ల కాలపరిమితి, ఊరికే ఖాళీ చేయించకూడదన్న నిబంధన. దాని మీద కోర్టుల చుట్టూ తిరిగిన కథలు మా డెల్టాలో ప్రతి ఇంట్లో ఉన్నాయి. అందుకే ఇక్కడ కౌలు నోటిమాట మీద నడుస్తుంది. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం వేరు. ఒప్పందం 11 నెలలే. కార్డు వల్ల పంట మీద రుణం, బీమా, నష్టపరిహారం కౌలు రైతుకి వస్తాయి, భూమి మీద ఏ హక్కూ రాదు. కానీ యజమాని ఒప్పుకుని సంతకం పెడితేనే కార్డు. పాత చట్టం భయం కొత్త కాగితం మీద పడింది.

ఈ తేడా నాకు కూడా అప్పటిదాకా తెలియదు. వాక్యం చదవడం మానేసి కొన్నాళ్లు చట్టం చదివాను. గ్రామ సచివాలయంలో వ్యవసాయ సహాయకుడిని బతిమాలి ఫారం తెచ్చుకున్నాను. మాస్టారి భార్యకు ఒక్కో లైను చదివి వినిపించాను. ఆమె వినేది, తల ఊపేది, "చూద్దామండి" అనేది. 2024 సార్వా అలాగే గడిచింది. దాళ్వా కూడా గడిచింది. తమ్ముడు మళ్లీ రెండు రూపాయల వడ్డీకే తెచ్చాడు.

ఆ నెలల్లో నాకు ఒకటి తేటపడింది. మాస్టారు డబ్బు ఇచ్చినప్పుడు కూడా ఆయన చెయ్యి పైనే ఉంది, తమ్ముడి చెయ్యి కిందే ఉంది. రేపు ఇవ్వాలనిపించకపోతే ఇవ్వరు. సంతకం పెట్టిన రోజు మాత్రం తమ్ముడు అడగక్కర్లేదు, ఎదురుచూడక్కర్లేదు, సంక్రాంతికి బియ్యం మోయక్కర్లేదు. మా సంఘాల్లో ఇవ్వడం గురించి ఎంతో బోధిస్తాం. ఎదుటి మనిషి మన దయ మీద ఆధారపడకుండా చేయడం గురించి బోధించం. ఇవ్వడంలో విశ్వాసికి సంతోషం ఉంటుంది, పేరు కూడా వస్తుంది. సంతకంలో అవేమీ రావు. నా మట్టుకు నాకు, ఆ సంతకమే ఎక్కువ విశ్వాసం అడిగింది. భూమి తనదేనని లేవీయకాండం 25లో దేవుడు అన్న మాట మీద నిజంగా ఆనుకుంటే తప్ప, పద్నాలుగేళ్ల కువైట్ చాకిరీ ఉన్న కాగితం పక్కన ఇంకొకరి పేరు రాయడానికి చెయ్యి రాదు.

ఆమె మనసు ఎలా మారిందో నాకు పూర్తిగా తెలియదు. నా మాటల వల్ల అయితే కాదు. స్త్రీల కూడికలో ఒకరోజు ఆమె, చెల్లెమ్మ ఒకే చాప మీద కూర్చోవాల్సి వచ్చింది. చెల్లెమ్మ పెద్దకూతురు గల్ఫ్‌కి పాస్‌పోర్టు పెట్టిందని ప్రార్థన మనవి చెప్పింది. అప్పు తీరే దారి లేక ఆ పిల్లని పంపుతున్నారు. మాస్టారి భార్య ఆ పూట మోకాళ్ల మీద నుంచి చాలాసేపు లేవలేదని నా భార్య చెప్పింది. వారం తర్వాత ఫోన్ చేసి, "ఆ ఫారం ఒకసారి తీసుకురండి అయ్యగారు. పిల్లని పంపొద్దని చెప్పండి" అన్నారు.

2025 జూలైలో, నాట్లకి ముందు, సంతకం అయింది. పట్టా ఆమె పేరు మీదే ఉంది కాబట్టి సంతకం ఆమె పెట్టారు. బడి చదువు తక్కువ, నెమ్మదిగా అక్షరం అక్షరం రాశారు. మాస్టారు పక్కన నిలబడి చూశారు. కార్డు వచ్చాక బ్యాంకు రుణం కోసం తమ్ముడు నాలుగుసార్లు తిరిగాడు. వచ్చింది గాని, అడిగినంత రాలేదు.

కాగితం తర్వాత

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గరలోనే తీరం దాటింది. ఈసారి గాలి. పాలు పోసుకున్న చేలు నేలకి ఒరిగిపోయాయి. రెండు రోజుల తర్వాత నష్టం రాయడానికి వచ్చినవాళ్లు గట్టు మీద నిలబడి పేరు చదివితే, అది తమ్ముడి పేరు. నేను అక్కడే ఉన్నాను. పంట పోయిన బాధలో ఉన్న మనిషి, అయినా తన పేరు పిలిచినప్పుడు "ఆయ్, నేనేనండి" అని అన్న తీరు నేను మర్చిపోలేను.

అన్నీ బాగుపడలేదు. చెల్లెమ్మ, మాస్టారి భార్య పలకరించుకుంటారు గాని, పక్కపక్కన కూర్చోరు. పెద్దకూతురి పాస్‌పోర్టు వచ్చి ఇంట్లో ఉంది, వెళ్లడం ఆగింది, ఎన్నాళ్లో తెలియదు. పొలం ఉన్న ఇంకొక కుటుంబం, పాస్టరుగారు కౌలుదార్ల తరఫున మాట్లాడుతున్నారని నొచ్చుకుని వేరే సంఘానికి వెళ్లిపోయింది. వాళ్లింటికి ప్రసంగానికి ముందే వెళ్లి ఉండాల్సింది. వాళ్ల విషయంలో కూడా నేనే ఆలస్యం.

ఇలాంటి తగవు ఎదురైతే తోటి కాపరులకు నేను చెప్పగలిగేది తక్కువే. ఎవరైనా బల్ల మానేస్తే ముందు వాళ్ల అప్పు ఎంత, వడ్డీ ఎంత అని అడగండి, ఆత్మీయ స్థితి తర్వాత. క్షమించమనే మాట, సరిచేయాల్సిన మనిషితో మాట్లాడిన తర్వాతే తీయండి. చట్టం ఏమంటుందో తెలుసుకుని వెళ్లండి, ఎందుకంటే భయం ఉన్నచోట వాక్యం ఒక్కటే చెబితే ఆ భయం నోరు మూసుకుంటుంది గాని పోదు. ఆ ఇంట్లో ఆడవాళ్లను అడగకుండా ఏదీ తేల్చకండి. నేను మాస్టారితోనే మాట్లాడుతూ నెలలు పోగొట్టాను, పట్టా ఎవరి పేరు మీద ఉందో కూడా అడగలేదు.

ఇంకొకటి ఉంది. సంతకం అయిన రోజు బయటకు వస్తుంటే మాస్టారు నన్ను ఆపి అడిగారు: "మరి సంఘం పొలం సంగతేంటి అయ్యగారు?"

మా సంఘానికి 70 సెంట్లు ఉంది. ఎప్పుడో ఒక పెద్దమ్మ కానుకగా రాసిచ్చింది. దాన్ని మా సంఘంలో లేని ఒక రైతు చాలా ఏళ్లుగా చేస్తున్నాడు, నోటిమాట మీద. ఆ కౌలుతోనే మా క్రిస్మస్ భోజనాలు జరుగుతాయి, నా జీతంలో కొంత కూడా అందులోదే. మిచాంగ్ పరిహారం సంఘం ఖాతాలో పడింది. దానితో మేము కొత్త స్పీకర్లు కొన్నాం. ఆ స్పీకర్ల లోంచే నేను యాకోబు పత్రిక ప్రసంగించాను.

ఆ రైతు ఇంటికి వెళ్లి సంగతి చెప్పాను. ఆయన నమ్మలేదు, పొలం మాన్పించేస్తారేమో అనుకున్నాడు. కమిటీలో రెండుసార్లు ఈ మాట పెట్టాను. ట్రస్టు ఆస్తి కదా, ఎవరు సంతకం పెట్టాలి అన్న దగ్గర ఆగింది. మూడోసారి వచ్చే నెల మొదటి శనివారం కూర్చుంటున్నాం. పరిహారం డబ్బు సంగతి అందులో మొదటి అంశంగా రాయించినది మాస్టారే.